పదకొండు సంతకాలు

ఆసుపత్రి విచారణ కమిటీ పంపిన కాగితంలో ఆరు ప్రశ్నలున్నాయి. బాలకోటయ్య నాలుగు రోజులుగా మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

మొదటిది, చనిపోయినవారి పేరు. దుర్గ అని రాశాడు. రెండోది, ఆమెతో మీకు గల సంబంధం. భర్త అని రాశాడు. మూడోది, 'చికిత్స జరిగిన సమయంలో మీరు చూసినది మీ సొంత మాటల్లో రాయండి.' దాని కింద పది గీతలు కొట్టి ఉంచారు. సోమవారం పదకొండు గంటలకు ఆ కాగితం పట్టుకుని కమిటీ ముందుకు వెళ్ళాలి. ఇవాళ ఆదివారం.

గురజాల దగ్గర ఒక హైస్కూల్లో ఆయన ఫిజికల్ సైన్సు చెబుతాడు. 'మీ సొంత మాటల్లో రాయండి' అని పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రశ్నలిస్తున్నాడు. పిల్లలు పెన్ను మూత నములుతూ కిటికీలోంచి బయటకు ఎందుకు చూస్తారో ఇప్పుడు తెలుస్తోంది.

చూసినది చానా లేదు. ఫిబ్రవరి చివర్లో దుర్గకు ఆయాసం మొదలైంది. అంగన్‌వాడీలో పిల్లలకు పాట చెబుతూ మధ్యలో ఆగిపోయేది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. హైవే పక్కనున్న కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వీపులో సూది గుచ్చి ఆ నీరు తీస్తే ఆయాసం తగ్గుతుంది, పరీక్షకు పంపితే జబ్బేమిటో తేలుతుంది, చిన్న పనేనని చెప్పారు. కింద స్కాన్ గదిలో ఆమెను కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు పెట్టి, దాన్ని కావలించుకుని వంగమన్నారు. వీపు మీద స్కెచ్ పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టారు. అక్కణ్ణించి చక్రాల కుర్చీలో మూడో అంతస్తుకు తీసుకెళ్ళారు. లిఫ్టు కోసం చాలాసేపు ఆగారు. వార్డు చేరేసరికి ఆమె కూర్చోలేకపోయింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. వరండాలో ఒక కుర్ర డాక్టరు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. కాసేపటికి అతనే వచ్చి, మీరు బయట ఉండండి అన్నాడు. తెర లాగారు. ఇరవై నిమిషాలు. లోపల ఆమె దగ్గింది. డాక్టరు బయటికొచ్చి, కొద్దిగానే వచ్చింది, రేపు మళ్ళీ చూద్దాం అన్నాడు. సాయంత్రానికి ఊపిరి ఆడలేదు. ఏడూ పదికి దుర్గ పోయింది. ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికొచ్చి ఛాతీలో నిండిందని, అప్పుడప్పుడూ ఇలా అవుతుందని, ఎవరి తప్పూ కాదని చెప్పారు.

ఇంతే. తెర వెనక జరిగినది ఆయన చూడలేదు. ఆయనకు కావలసింది మాత్రం అదే.

పొద్దున్నే దుర్గ తమ్ముడు మస్తాన్‌రావు రాజుపాలెం నుంచి ఫోన్ చేశాడు. కమిటీకి ఫిర్యాదు పెట్టింది అతనే.

"ఏంది బావా, నింపావా లేదా? నేను చెప్పిన మాట చెప్పినట్టు రాయి. 'డాక్టరు ఫోన్ చూసుకుంటా నిర్లక్ష్యంగా ఉన్నాడు.' అంతే. అరగంట పనికి నాలుగు రోజులా?"

"నిర్లక్ష్యం అనే మాట దగ్గర ఆగాను రా."

"దానికేమైంది?"

"ఆ పిల్లాడు తెర లాగేటప్పుడు చేతులు చూశాను. లెక్కలేనివాడి చేతులు కావవి."

"నీకు పుణ్యముంటది బావా, ఇయ్యాళ పేపర్లు దిద్దబాకు. మా అక్క పోయింది. వాడికి నిర్లక్ష్యం కాకపోతే ఫస్టు క్లాసా?"

 మస్తాన్‌రావు గొంతు తగ్గించి, "తిన్నావా?" అని అడిగి, ఆయన చెప్పేలోపే పెట్టేశాడు.

పదింటికి పక్కింటి బషీరున్నీసా గోడ మీదనుంచి పిలిచింది. ఆమె బట్టలు కుడుతుంది. దుర్గకూ ఆమెకూ ఈ గోడే కూర్చునే అరుగు.

"మాస్టరన్నా, మీ గేటు ముందు ఎవరో పిల్లోడు అరగంట నుంచి నిలబడున్నాడు. రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. మీటరు చూసేవాడేమో అనుకున్నా. మీటరోడైతే ఏడవడు గదా."

బాలకోటయ్య గేటు దాకా వెళ్ళాడు. తెల్లకోటు లేకపోయినా మనిషిని గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. భుజాన సంచి, మోకాళ్ళ దాకా దుమ్ము. బస్టాండు నుంచి నడిచొచ్చినట్టున్నాడు.

"నా పేరు షాహిద్ సార్. మీ ఆవిడకు..."

"తెలుసు. లోపలికి రా."

లోపలికి వచ్చాక కూర్చోమనడానికి బాలకోటయ్యకు కొంతసేపు పట్టింది. కుర్చీ చూపించి తను మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇవ్వాలని తోచింది గాని లేవబుద్ధి కాలేదు. చివరికి లేచి ఇచ్చాడు. షాహిద్ గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

"మీరేం రాస్తున్నారో తెలుసుకుందామని రాలేదు సార్. మీవాళ్ళు కంప్లైంట్‌లో ఫోన్ సంగతి రాశారు. రేపు దాని గురించి అడుగుతారు. సీనియర్‌కి ఫోన్ చేస్తున్నానని చెప్పమన్నారు మా యూనిట్ చీఫ్. అది అబద్ధం. ఆ సంగతి కమిటీ కంటే ముందు మీకు చెప్పాలని వచ్చాను."

"మరి ఏం చూస్తున్నావు?"

"వీడియో. ఊపిరితిత్తుల నీరు ఎట్టా తీయాలో చూపించే వీడియో. నాలుగు నిమిషాలది. రెండుసార్లు చూశాను."

బాలకోటయ్యకు వెంటనే అర్థం కాలేదు. డాక్టర్లు కూడా పని మొదలుపెట్టే ముందు ఒకసారి పుస్తకం తిరగేస్తారేమో అనుకున్నాడు. పాఠం చెప్పబోయే ముందు తనూ తిరగేస్తాడు. అదే అన్నాడు.

"తిరగేయడం కాదు సార్. అంతకుముందు నేను ఎప్పుడూ చేయలేదు."

బయట బషీరున్నీసా మిషన్ ఆగి మళ్ళీ మొదలైంది.

"నువ్వు పీజీ రెండో ఏడు అని ఆసుపత్రిలో అన్నారు. ఎంబీబీఎస్ అయి, దాని మీద ఇంకో రెండేళ్ళు."

"అవును సార్."

"రెండేళ్ళలో ఒక్కసారి కూడా?"

షాహిద్ సంచి తెరిచి అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకం తీశాడు. దాన్ని లాగ్‌బుక్ అంటారని, పీజీ చదివే ప్రతి డాక్టరూ తను చేసిన ప్రతి పనీ అందులో రాసి పెద్ద డాక్టరు చేత సంతకం పెట్టించుకోవాలని చెప్పాడు. ఒక పేజీ తీసి ఇచ్చాడు. తేదీ, రోగి నంబరు, చేసిన పని, 'స్వయంగా' అనే గడిలో టిక్కు, చివర సంతకం. ఊపిరితిత్తుల నీరు తీయడం అనే శీర్షిక కింద పదకొండు వరసలున్నాయి.

"ఇందులో పదకొండు ఉన్నాయి," అన్నాడు బాలకోటయ్య.

"ఒక్కటీ నేను చేసింది కాదు."

అతను చెప్పిన సంగతి ఇది. కోవిడ్ రోజుల్లో రోగి దగ్గరికి ఎక్కువమంది వెళ్ళకూడదని నీరు తీసే పనులన్నీ కింద స్కాన్ గదికి పంపడం మొదలుపెట్టారు. అక్కడి డాక్టరు స్కాన్‌లో చూస్తూ తనే తీసేవాడు. కోవిడ్ పోయింది గాని అలవాటు పోలేదు. ఆ రోజుల్లో చదివినవాళ్ళకు నేర్చుకునే వీలు లేకపోయింది. వాళ్ళే సీనియర్లై తర్వాతివాళ్ళకు నేర్పాల్సి వచ్చింది. రానిది ఎవరు నేర్పుతారు? పరీక్షకు కూర్చోవాలంటే మాత్రం పుస్తకంలో పది ఉండాలి.

"ఆరు నెలలకోసారి హాస్టల్లో ఒక గదిలో కూర్చుంటాం సార్. ఒకడు వార్డు రిజిస్టరు చదువుతాడు, మిగతావాళ్ళం పంచుకుని రాస్తాం. ఈ రోగి నీకు, ఆ రోగి నాకు. నవ్వుకుంటూనే రాసేవాళ్ళం. 'ఒరేయ్, ఈ ముసలాయన్ని నేను తీసుకుంటున్నా, నువ్వు ముట్టుకోబాకు' అని. అన్నీ ఒకేరోజు రాసినట్టు కనబడకుండా..."

"రెండు పెన్నులు," అన్నాడు బాలకోటయ్య.

షాహిద్ తలెత్తాడు.

"నీలం కొన్ని, నలుపు కొన్ని. మధ్యలో ఒకటి కొట్టేసి దిద్దుతారు."

"మీకెట్టా తెలుసు సార్?"

బాలకోటయ్య పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. నీలం, నీలం, నలుపు, నీలం. సంతకాలు మాత్రం పదకొండూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క ఊపున పెట్టినట్టున్నాయి. ఇలాంటి పుస్తకాలు ఏటా ఆయన బల్ల మీద అరవై పేరుకుంటాయి. పదో తరగతి ప్రయోగాల రికార్డులు. బళ్ళో పనిచేసే బ్యూరెట్టు, ద్రావణం కొలిచే గాజుగొట్టం, ఒకటే ఉంది. అది పగిలితే మళ్ళీ రాదని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పిల్లలు చేయని ప్రయోగానికి రీడింగులు రాస్తారు. ఆయన సంతకం పెడతాడు. చూడటానికి వచ్చే అధికారులు అనుమానపడతారని, ఒకే పెన్నుతో రాయకండిరా అని ఒక ఏడాది క్లాసులో ఆయనే చెప్పాడు. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మా పిల్లలకు ఆ సంగతి చెప్పింది నేనే," అన్నాడు.

షాహిద్ చేతిలోని నీళ్ళు తాగేశాడు.

"మా అబ్బాది నరసరావుపేటలో లారీ షెడ్డు సార్," అన్నాడు. "ఎవడైనా పనికొస్తే ఏడాది పాటు స్పానర్లు అందించడమే. ఇంజను మీద చెయ్యి వేయనివ్వడు. ఆ తర్వాత వాడి చేతి మీద తన చెయ్యి పెట్టి బోల్టు తిప్పిస్తాడు. ఎంత బిగిస్తే చాలో చేతికే తెలియాలంటాడు. నేను చదువుకుని ఆ షెడ్డు తప్పించుకున్నానని ఊళ్ళో అందరికీ గొప్ప. ఒక లారీకి ఉన్నపాటి..." అని ఆపేశాడు.

బాలకోటయ్య అడగాలనుకున్నది ఇంకా అడగలేదు. అయిదు నెలలుగా అడగడానికి మనిషి లేక లోపలే ఉంచుకున్నాడు. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉన్నాడు. ప్రశ్న పూర్తిచేస్తే జవాబు వచ్చేస్తుందని, వచ్చాక ఇక మార్చుకోవడానికి వీల్లేదని భయం వేసింది.

"తెర లాగాక," అన్నాడు. "మొదటి నుంచీ చెప్పు. తగ్గించబాకు."

షాహిద్ చెప్పాడు. ఆ రోజు స్కాన్ గది డాక్టరు వీపు మీద గుర్తు పెట్టి, పైన మీవాళ్ళే తీసుకుంటారు అని రెండింటికి వెళ్ళిపోయాడు. సీనియర్ అవుట్‌పేషెంట్లో ఉన్నాడు. పుస్తకంలో నీకు పదకొండు ఉన్నాయిగా, ఇంకా భయమేంది, కానిచ్చేయ్ అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పాలంటే పుస్తకం దొంగదని ఒప్పుకోవాలి. గ్రేస్ సిస్టర్ ట్రే సర్దిపెట్టి వేరే రోగి దగ్గరికి వెళ్ళింది. తెర లోపల అతనూ దుర్గా మాత్రమే ఉన్నారు.

"వీడియోలో మనిషి కూర్చుని ఉన్నాడు సార్. ఆమె పడుకుని ఉంది. గుర్తు పెట్టింది కూర్చున్నప్పుడు. పడుకుంటే లోపల నీరు జరిగిపోతుంది, గుర్తు దగ్గర ఉండదు. అది చదివాను. పరీక్షలో రాశాను కూడా. ఆ వేళకు చేతికి గుర్తు రాలేదు. గుర్తు మీదే గుచ్చాను. ఏమీ రాలేదు. రెండోసారి ఇంకొంచెం లోపలికి పోనిచ్చాను. గాలి వచ్చింది. సిరంజి వదులైందనుకున్నాను. మూడోసారి కింద గుచ్చితే కాసిని నీళ్ళు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను. గాలి వచ్చిందంటే ఏం చేయాలో, ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో నాకు ఎవరూ చూపించలేదు. నేనూ అడగలేదు."

బాలకోటయ్య మంచం పట్టె పట్టుకున్నాడు. కుర్చీలోంచి దించి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు కాళ్ళ వైపు పట్టుకున్నది తనే. కూజాను ఏటవాలుగా పెట్టినా లోపలి నీరు నేలకు సమంగానే నిలుస్తుందని ఎనిమిదో తరగతికి ఏటా గాజుగ్లాసులో రంగునీళ్ళు పోసి చూపించేది తనే. పాఠానికీ మూడో అంతస్తులో ఉన్న మంచానికీ సంబంధం ఉందని ఆ మధ్యాహ్నం తనకూ తోచలేదు.

"ఆమె ఏమన్నా అన్నదా?"

షాహిద్ ఖాళీ గ్లాసు నేల మీద పెట్టాడు.

"మొదటి సూదికి ముందు, 'కొత్తా నాయనా?' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"కాదమ్మా, చానా చేశాను అన్నాను."

"తర్వాత?"

"'అట్టయితే కానియ్యి, నేను కదలనులే' అన్నది. రెండోసారి రాకపోతే, 'నీ చేయి వణుకుతుంది. కాసేపు ఆగి చెయ్యి, నాకేం తొందర లేదు' అన్నది. అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు సార్. సీనియర్ను పిలవచ్చు. నాకు రాదు అంటే అయిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. అన్నేళ్ళ చదువులో ఆ మాటకు ఎవరూ మార్కులెయ్యలేదు."

బాలకోటయ్య లేచి వంటగదిలోకి వెళ్ళాడు. అక్కడ చేయాల్సిన పని ఏమీ లేదు. స్టవ్ మీద పొద్దుటి టీ గిన్నె ఉంది. దాన్ని కడిగాడు. తుడిచాడు. బోర్లించాడు. నాకేం తొందర లేదు. అది దుర్గ మాటే. అంగన్‌వాడీలో పలక మీద అక్షరం రాక ఏడ్చే పిల్లకు ఆమె రోజూ చెప్పే మాట. ఆ స్థితిలో కూడా ఆమె ఎదుటివాడి వణుకు చూసింది. తను తెర ఇవతల నిలబడి గోడ మీది నోటీసులు చదువుతున్నాడు.

తిరిగి వచ్చేసరికి షాహిద్ లేచి నిలబడి ఉన్నాడు.

"రేపు ఏం చెబుతావు?" అని అడిగాడు బాలకోటయ్య.

"తెలియదు సార్. నిజం చెబితే పుస్తకం దొంగదవుద్ది. నాదొక్కటే కాదు. మా బ్యాచ్ ఎనిమిదిమందిదీ అంతే. సంతకాలు పెట్టినాయనదీ అంతే. నా ఏడాది పోద్ది, డిగ్రీయే పోద్దేమో. చెప్పకపోతే, పదకొండు చేసినవాడు పన్నెండోది ఫోన్ చూసుకుంటా పాడుచేశాడని రాసుకుంటారు. అట్టా రాసుకుంటే కాలేజీకి మంచిదంట. ఒకడి తప్పుతో పోద్ది." పుస్తకం సంచిలో పెట్టుకుంటూ అడిగాడు. "నేను చెప్పిందంతా మీరే రాయొచ్చుగా సార్?"

"నేను చూసింది నేను రాస్తాను. నువ్వు చేసింది నువ్వే చెప్పాలి. ఒకరి జవాబు ఇంకొకరు రాయడం వల్లే గదా ఇక్కడిదాకా వచ్చింది."

షాహిద్ తల ఊపాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "నన్ను..." అన్నాడు.

"ఆ మాట అడగబాకు బాబూ," అన్నాడు బాలకోటయ్య. "ఇవ్వడానికి నా దగ్గర ఇంకా లేదు."

అతను వెళ్ళాక బషీరున్నీసా గోడ మీద పళ్ళెం పెట్టింది. రొట్టెలు, వంకాయ కూర.

"ఎవరు మాస్టరన్నా ఆ పిల్లోడు?"

"దుర్గకు వైద్యం చేసిన డాక్టరు."

ఆమె చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. పళ్ళెం ఇటు జరిపి, "చల్లారకముందే తిను," అన్నది.

ఆయన తినలేదు. కాగితం ముందేసుకుని మూడో ప్రశ్న కింద రాశాడు.

'నా భార్యను కూర్చోబెట్టి గుర్తు పెట్టారు. పడుకోబెట్టి సూది గుచ్చారు. పడుకోబెట్టినప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. సూది గుచ్చే ముందు డాక్టరు వరండాలో ఫోన్‌లో వీడియో చూశాడు. అది చూసి అతను అశ్రద్ధగా ఉన్నాడని అనుకున్నాను. అది పొరపాటు. ఏ వీడియో అని అతన్ని అడగండి. ఎందుకు చూడవలసి వచ్చిందో సంతకాలు పెట్టినవారిని అడగండి. అతనితో పాటు తెర లోపలికి పెద్ద డాక్టరు ఎవరూ వెళ్ళలేదు.'

ఏడు గీతలు పట్టింది. మిగిలిన మూడు గీతలూ ఖాళీగానే వదిలాడు.

సోమవారం కమిటీ గది బయట మస్తాన్‌రావు ఆ కాగితం లాక్కుని చదివి కొట్టేంత పని చేశాడు. "నువ్వెవరి తరఫు బావా? మా అక్క తరఫా, వాడి తరఫా?" బాలకోటయ్య కాగితం వెనక్కి తీసుకుని మడత సరిచేశాడు. లోపల పొడుగు బల్ల వెనక నలుగురు కూర్చున్నారు. మధ్యనున్నాయన మూడో ప్రశ్న దాకా చదివి కళ్ళజోడు తీసి షాహిద్ వైపు చూశాడు.

"ఏ వీడియో అది?"

గోడ పక్క కుర్చీలో యూనిట్ చీఫ్ ఉన్నాడు. షాహిద్ అటు చూడలేదు. బాలకోటయ్య వైపూ చూడలేదు. బల్ల అంచు చూస్తూ చెప్పాడు.

"నీరు ఎట్టా తీయాలో నేర్పే వీడియో సార్. నాకు రాదు. అంతకుముందు ఎప్పుడూ చేయలేదు."

"నీ లాగ్‌బుక్‌లో పదకొండు ఉన్నాయి."

"ఒక్కటీ చేయలేదు సార్."

 రాసుకుంటున్న గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకుని, "ఇది కూడా రాయమంటారా సార్?" అని అడిగాడు. మధ్యనున్నాయన తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. యూనిట్ చీఫ్ గొంతు సవరించుకున్నాడు. చివరికి మధ్యనున్నాయనే, "రాయి," అన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో షాహిద్ ఒక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. తెల్లకోట్ల పిల్లలు ఆరేడుగురు లోపలికి వచ్చి, అతన్ని చూసి, ఇంకో మూలకు వెళ్ళారు. బాలకోటయ్య గుమ్మం దగ్గర ఆగాడు. వెళ్ళి ఎదురుగా కూర్చోవచ్చు. కాళ్ళు అటు నడవలేదు. బస్సు ఎక్కి గురజాల వచ్చేశాడు.

కమిటీ ఉత్తర్వు రావడానికి నలభై రోజులు పట్టింది. అది చేతికందిన సాయంత్రం మస్తాన్‌రావు ఫోన్ చేశాడు.

"గెలిచాం బావా! వాడికి ఆరు నెలలు పొడిగించారు. ఆ సంతకాలాయన్ని సెక్షన్ మార్చారంట."

"మూడో పేరా చదివావా?"

"చదివాగా. ఇక వాళ్ళెవరూ సూది ముట్టుకోరు. ఇంకో ఆడమనిషికి ఇట్టా జరగదు. ఇంకేం కావాలి?"

బాలకోటయ్య ఉత్తర్వు మళ్ళీ చదివాడు. 'ఇకమీదట రెసిడెంట్ (పీజీ) డాక్టర్లు ఊపిరితిత్తుల నీరు తీయరాదు. అటువంటి రోగులనందరినీ స్కాన్ విభాగానికే పంపవలెను.' ఆ ఆదివారం షాహిద్ ఒక చీటీ మీద నంబరు రాసి కుర్చీలో వదిలి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ దాన్ని పారేయలేదు, వాడలేదు. ఇప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"సార్?" అన్నాడు షాహిద్. గొంతు గుర్తుపట్టినట్టున్నాడు.

"ఉత్తర్వు చూశాను. ఆరు నెలల తర్వాత నీకు డిగ్రీ ఇస్తారా?"

"ఇస్తారంట సార్."

"ఆ తర్వాత ఎక్కడ పనిచేస్తావు?"

"ఎక్కడేస్తే అక్కడ. మాచర్లో, వెల్దుర్తో."

"అక్కడ స్కాన్ విభాగం ఉంటుందా?"

"ఉండదు సార్."

"ఛాతీలో నీళ్ళతో ఎవరన్నా వస్తే?"

అవతల ఎక్కడో ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం వినబడ్డాయి.

"అదే సార్," అన్నాడు షాహిద్. "నేర్పమని అడిగాను. ఇప్పుడు రూల్ ఒప్పుకోదు, నీ పుణ్యమే గదా అన్నారు."

ఫోన్ పెట్టేశాక బాలకోటయ్య తెల్లకాగితం తీశాడు. కమిటీ అధ్యక్షుల వారికి అని మొదలుపెట్టాడు. పెద్ద ఉత్తరం రాయాలనుకున్నాడు. రాసినవన్నీ కొట్టేస్తూ పోతే చివరికి ఇంత మిగిలింది.

'అయ్యా, మీ ఉత్తర్వులో తీయరాదు అని ఉంది. నేర్పుతాం అని ఎక్కడా లేదు. ఎవరు నేర్పుతారు, ఎప్పుడు నేర్పుతారు, మొదటి పదిసార్లు పక్కన ఎవరు నిలబడతారు, ఈ మూడూ రాసి పంపండి. నా భార్య పేరు దుర్గ. ఆమె ఆ పిల్లవాడికి తొందర లేదని చెప్పింది. మీకు కూడా తొందర లేదు. కానీ రాయండి.'

మర్నాడు బడికి వెళ్ళేముందు పోస్టాఫీసులో ఆగాడు. కౌంటర్లో ఉన్న ఏసయ్య ఆయన దగ్గర చదువుకున్నవాడే.

"రిజిస్టరా మాస్టారూ? ముట్టినట్టు కార్డు వెనక్కి రావాలా?"

"రావాలి."

ఏసయ్య పసుపు కార్డు ఇచ్చాడు. బాలకోటయ్య నిలబడే తన పేరు రాసి, ఇంటి నంబరు రాసి, వీధి పేరు సగం రాశాక ఆగాడు. పోస్టుమాన్ వచ్చేది పన్నెండింటికి. ఆ వేళకు ఇంట్లో తీసుకునేవాళ్ళు లేరు. రాసినదాని మీద ఒక గీత కొట్టి, దాని కింద బడి అడ్రసు రాసి ఇచ్చాడు.